కంప్యూటరు తెర ఏల స్తంభించును?

మీట నొక్కుదుము, తెర చలింపదు. మరల నొక్కుదుము, అప్పుడును చలింపదు. బాణపు గుర్తు ఉండవలసినచోట చిన్న వలయమొకటి తిరుగుట మొదలిడును. కొన్ని సెకనులకు ఆ విండో అంతయు పాలిపోయి, దాని నొసట ‘స్పందించుట లేదు’ అను భావము గల ఇంగ్లీషు అక్షరములు కనబడును. బ్యాంకు కౌంటరు వద్ద గాని, టిక్కెట్లిచ్చు కిటికీ వద్ద గాని, ఇంట పిల్లవాని బల్లమీద గాని ఈ దృశ్యమును చూడనివారు ఈనాడు అరుదు. అప్పుడు చుట్టునున్నవారు తలకొక మాట అందురు. కంప్యూటరు అలసినదని ఒకరు, నెట్టు రాలేదని ఒకరు, యంత్రము పాతబడినదని ఒకరు.

ఈ మాటలు పలుమార్లు నిజమునకు దూరముగానే ఉండును. అట్టి సమయమున ప్రాసెసరు ఖాళీగా కూర్చుండి యుండుటయు కలదు. ప్రోగ్రాము చచ్చిపోయినదనియు చెప్పజాలము. మన మాట వినుటకు నియమింపబడినవాడు వినుట మాని మరియొక పనికి పోయినాడు. ఆ వినువాడెవడు, ఎక్కడికి పోయెను, పోకుండ నిలుపుట యెట్లు అను సంగతులను ఈ ప్రసంగమునందు విచారింతము. ఇది ప్రోగ్రాములు వ్రాయువారి లోపలి వ్యవహారమేయైనను, దీనివలని కష్టనష్టములు మాత్రము వ్రాయువారికంటె వాడువారికే ఎక్కువ. కావున గృహస్థులు కూడ కొంత తెలిసికొనుట మంచిదని మా యభిప్రాయము.

విండో అనగా తెరమీద దీర్ఘచతురస్రముగా కనబడు గవాక్షము. అది మనలను చూచుచున్నట్లు తోచును గాని దానికి కన్నులును లేవు, చెవులును లేవు. మనము మౌసు నొక్కినపుడు ఆ వార్త మొదట ఆపరేటింగ్ సిస్టమునకు చేరును. ఆపరేటింగ్ సిస్టము ఇంటి యజమాని వంటిది. ప్రోగ్రాములన్నియు దాని యింట అద్దెకున్నవి. ఏ విండోమీద, ఏ స్థలమున నొక్కుట జరిగెనో అది గమనించి, ఒక చీటి వ్రాసి, ఆ విండోకు చెందిన పెట్టెలో వేయును. ఈ చీటినే మెసేజి అందురు. చీట్లు వచ్చిన క్రమమున నిలుచు వరుస మెసేజి క్యూ. క్యూ అను మాట రేషను దుకాణముల పుణ్యమా యని తెలుగువారికి క్రొత్త కాదు.

ఇక ప్రోగ్రాము చేయు పని మిక్కిలి సామాన్యమైనది. పెట్టెలోనుండి ఒక చీటి తీయును. అది ఏ విండోకో చూచి దానికి అందించును. ఆ విండో చేయవలసినది చేసి ముగించిన పిమ్మట మరల పెట్టె వద్దకు వచ్చును. చీటి లేనిచో అచటనే నిద్రించును. ఉదయము తెరచిన ప్రోగ్రాము సాయంకాలము మూయువరకు చేయునది ఈ ప్రదక్షిణమే. ‘ఇక చాలించుము’ అను అర్థము గల చీటి వచ్చినపుడు ప్రదక్షిణము ఆగును, ప్రోగ్రాము ముగియును. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ 1985లో వెలువడినది మొదలు నేటివరకు ఈ పద్ధతి మారలేదు.

చీట్లన్నిటికి ఒకే మర్యాద జరుగదు. ‘నీ విండోను మరల గీయుము’ అను చీటి యొకటి కలదు. ఇది వరుసలో అందరికంటె వెనుకనుండును. ఇతర చీట్లు లేనపుడే దీని వంతు వచ్చును. తెరలో పదిచోట్ల చెరిగినను పది చీట్లు రావు. చెరిగిన భాగములన్నియు కలిపి ఒకటే వచ్చును. మౌసు కదలికలును అట్టివే. మీరు చేతిని సర్రున జరిపినపుడు నడుమనున్న ప్రతి బిందువునకు చీటి పుట్టదు. పెట్టె వద్దకు వచ్చి చూచునప్పటికి మౌసు ఎక్కడనున్నదో అదియే చెప్పబడును. కాని మీట నొక్కిన చీట్లు అట్లు కలిసిపోవు. ఎన్నిమార్లు నొక్కిన అన్ని చీట్లును నిలిచియుండును. ఈ సంగతిని శ్రోతలు మనసునందుంచుకొనవలెను. దీనితో ముందు పని కలదు.

మా వృత్తినుండి ఒక పోలిక చెప్పుదుము. స్టూడియోలో ఎర్రదీపము వెలిగినపుడు మైకు ముందు అనౌన్సరు ఒక్కరే ఉందురు. వార్త వచ్చినను, కార్యక్రమము మారినను, పాట ఆలస్యమైనను ఎవరో ఒకరు చప్పుడు కాకుండ తలుపు తీసికొని వచ్చి బల్లమీద చీటి పెట్టిపోవుదురు. అనౌన్సరు దానిని చూచి, తగిన సమయమున తమ కంఠముతో చెప్పుదురు. ఒక రికార్డు కావలసివచ్చినదని అనౌన్సరే లేచి లైబ్రరీకి పోయి బీరువాలు వెదకుట మొదలిడినచో ఏమగును? రికార్డు దొరకవచ్చును. కాని అంతవరకు మీ యింట రేడియో మౌనము వహించును. కరెంటు పోయినదో, స్టేషను మూతబడినదో, సెట్టు చెడినదో తెలియక మీరు మరలను మరలను మీట త్రిప్పుచుందురు. మా వృత్తిలో తప్పు చదువుటకంటె ఈ మౌనము పెద్ద దోషము.

విండో విషయమునను ఇంతే. మీట నొక్కిన చీటి అందుకొని, ఆ విండో వేయి పుటల లెక్కను కూడుటకో, దూరదేశపు కంప్యూటరును ప్రశ్నించి జవాబుకై కనిపెట్టుకొనుటకో పూనుకొన్నచో, ప్రదక్షిణము ఆగిపోవును. పెట్టెలో చీట్లు పేరుకొనుచుండును, తీయువాడు లేడు. తెరను గీయుమను చీటికిని వంతు రాదు. మునుపటి విండోస్‌లో అట్టి విండోమీదుగా మరియొకదానిని జరిపినచో దాని ఛాయలు మెట్లు మెట్లుగా అంటుకొని నిలుచుట మీలో కొందరికి జ్ఞాపకముండును. చెరిగినదానిని మరల గీయవలసినవాడు పనిమీద పోయియుండుటయే దానికి కారణము.

మనుష్యుడు ఎంతసేపు ఓర్చును? ఐ.బి.యం. సంస్థకు చెందిన రాబర్ట్ మిల్లర్ 1968లోనే ఈ విషయమును చర్చించెను. తరువాత 1993లో జేకబ్ నీల్సన్ మూడు హద్దులను విస్పష్టముగా చెప్పెను. సెకనులో పదవ వంతులోపల జవాబు వచ్చినచో మన చేతి పనియే యని తోచును. ఒక సెకనువరకు ఆలస్యము తెలియును గాని ఆలోచన తెగదు. 10 సెకనులు దాటినచో మనసు వేరొకచోటికి పోవును. హైదరాబాదు నుండి అమెరికా తూర్పుతీరము సుమారు 13,000 కిలోమీటర్లు. గాజుతంతువులలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. పోయి వచ్చుటకే సెకనులో పదవ వంతు మించును; త్రోవలోని మజిలీలు వేరు. యంత్రమెంత చురుకైనదైనను, దూరపు జవాబుకై కనిపెట్టుకొనుట తప్పదు. ఆ కనిపెట్టుకొనుట ఎవరి వంతు అనునదే ప్రశ్న.

విండోస్ తొలి దినములలో బాధ ఇంకను హెచ్చు. 1992లో వచ్చిన 3.1 వరకు కీబోర్డు, మౌసుల చీట్లకు యంత్రమంతటికి ఒకే వరుస ఉండెను. ఒక ప్రోగ్రాము తాను ఖాళీ యగువరకు ఇతరులకు వంతునీయనిచో అన్ని విండోలును స్తంభించెడివి. ఇసుక గడియారపు బొమ్మను చూచుచు కూర్చుండుటయే మనపని. 1993లో విండోస్ ఎన్.టి., 1995లో విండోస్ 95 వచ్చి, వినువారికెవరి పెట్టె వారికిచ్చినవి. ఒకరు మొండికెత్తినను తక్కినవారు నడచుచుండిరి. 2001లో వచ్చిన ఎక్స్.పి.లో మరియొక యేర్పాటు జరిగెను. ఒక విండో సుమారు ఐదు సెకనులు తన పెట్టె వద్దకు రానిచో ఆపరేటింగ్ సిస్టము దాని స్థానమున ఒక నకలు విండోను నిలుపును. దానిని జరుపవచ్చును, మూయవచ్చును; దానిలో ప్రోగ్రాము పనులేవియు చేయరాదు. ఇంగ్లీషున దీనిని దయ్యపు విండో అని పిలుచుట సార్థకముగానే ఉన్నది. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనును స్పర్శకు ఐదు సెకనులలోపల స్పందింపని ప్రోగ్రామును గుర్తించి, దానిని మూయుదువా, ఆగుదువా అని మిమ్ము ప్రశ్నించును.

ఇప్పుడు ముందు చెప్పిన మాటకు వత్తము. తెర పాలిపోవుటకు పూర్వమున్న ఆ కొద్ది సెకనులలో మీరు నొక్కినవన్నియు ఏమైనవి? అవి పోలేదు. పెట్టెలో వరుసగా ఉన్నవి. విండోస్‌లో ఒక్కొక్క పెట్టె సామాన్యముగా 10,000 చీట్లవరకు పట్టును. ఒక పింఛనుదారు విద్యుత్ బిల్లు చెల్లించుటకు కూర్చుండెననుకొందము. ‘చెల్లింపుము’ అను మీట నొక్కెను. తెర చలింపలేదు. నొక్కుట సరిగా పడలేదేమోయని మరల నొక్కెను, మరల నొక్కెను. వినువాడు మొదటి చీటి పనిమీద బ్యాంకుతో మాటలాడుచున్నాడు. నాలుగు సెకనులకు తిరిగి వచ్చి చూడగా పెట్టెలో మరి రెండు చీట్లున్నవి, రెంటిలోను ‘చెల్లింపుము’ అనియే ఉన్నది. వానికి వివేకము లేదు. ఆజ్ఞ మాత్రమే తెలియును. ప్రోగ్రాము వ్రాసినవారు జాగరూకులు కానిచో ఆ వృద్ధుని ఖాతానుండి మూడుమార్లు సొమ్ము పోవును. తప్పెవరిదని అడిగినచో ‘మీరు మూడుమార్లు నొక్కితిరి’ అని కౌంటరువారు చెప్పుదురు. ఆ మాట నిజమే, న్యాయము మాత్రము కాదు.

మొదటి చీటి చేతికి రాగానే తక్కిన పని మొదలిడకముందే ఆ మీటను మసకబరచి నొక్కుటకు వీలులేకుండ చేయుట వ్రాయువారి కనీసధర్మము. అదియును చాలదు. ప్రతి చెల్లింపునకు ఇటువైపుననే ఒక సంఖ్య వేసి పంపినచో, అదే సంఖ్య రెండవమారు వచ్చినపుడు బ్యాంకువైపు యంత్రము దానిని త్రోసిపుచ్చును. ఇది పోస్టాఫీసు రసీదు సంఖ్య వంటి యేర్పాటు. ఏమంత కష్టమైనది కాదు.

స్తంభనము పోగొట్టుటకు కొందరు ఒక సులువుదారి కనిపెట్టిరి. పనిని నడుమ నడుమ ఆపి, పెట్టెలోని చీట్లను కొంచెము చూచి, మరల పని సాగించుట. 1991లో వెలువడిన విజువల్ బేసిక్ అను భాషలో దీనికై డూఈవెంట్స్ అను ఆజ్ఞ యుండెడిది. ఒక్క పంక్తి వ్రాసిన చాలును, తెర కదలుట మొదలిడును. అందుచేత అది మిక్కిలి ప్రచారమునకు వచ్చెను. మాకు మాత్రము ఆ పద్ధతియందు గౌరవము లేదు. కరణముగారు చిట్టా ముందుంచుకొని సగము కూడిక చేసినారు. ఇంతలో తలుపు తెరచి, వచ్చినవారినెల్ల లోనికి రానిచ్చినారు. వారిలో ఒకడు ‘ఈ చిట్టా చింపివేయుడు’ అన్నాడు. ఆ కోరిక ప్రకారము చిట్టా చింపివేసి, కరణముగారు తిరిగి కూడికకు కూర్చున్నారు. ఏ పుట కూడుదురు? మొదటి పని ముగియకముందే అదే పనికి రెండవ చీటి వచ్చుట, పని నడచుచుండగా విండో మూయుమనుట, ఇవన్నియు ఆ తలుపున వచ్చు అతిథులే. పైగా ఈ దోషము పదిమార్లలో తొమ్మిదిమార్లు బయటపడదు. పదవమారు ఎవరి యింటనో బయటపడును.

సరియైన మార్గము పనివానిని వేరుగా పెట్టుకొనుట. ఒకే ప్రోగ్రాములో ఏకకాలమున నడచు పనుల ధారలను థ్రెడ్లందురు, దారములని అర్థము. చీట్లు తీయుచు తెరను కనిపెట్టియుండు దారమొకటి. దానిని తెరవైపు థ్రెడ్డు అందము. దీర్ఘమైన పనులు చేయు దారములు వేరు. అవి వెనుక థ్రెడ్లు. అనౌన్సరు మైకు విడువరు. రికార్డు కావలెనన్న మరియొకరిని పంపుదురు. వినుటకు ఇంత తేలికగానున్నది గదా, ఇక చిక్కేమున్నదని మీరడుగవచ్చును. చిక్కంతయు ఇచటనే మొదలగుచున్నది.

దారములన్నియు ఒకే యింట, ఒకే బీరువాను వాడుకొనును. ఒక ఖాతాలో 1000 రూపాయలున్నవి. ఒక థ్రెడ్డు 100 కలుపవలెను, మరియొకటి 200 కలుపవలెను. మొదటిది 1000 అని చదివికొనెను. అది వ్రాయకముందే రెండవదియు 1000 అని చదివికొనెను. మొదటిది 1100 అని వ్రాసెను. రెండవది దానిమీద 1200 అని వ్రాసెను. ఉండవలసినది 1300. ఎవరును తప్పు లెక్క చేయలేదు; 100 రూపాయలు మాత్రము మాయమైనవి. మరునాడు అదే ప్రోగ్రామును నడుపగా 1300 సరిగా వచ్చును, ఏలననగా ఆనాడు ఒకదాని వెనుక ఒకటి నడచినవి. పరీక్షించువారికి చిక్కక, వాడువారికి చిక్కు దోషమిది.

ఇట్టి దోషము సొమ్ముతోనే పోదు. విండోలు లేని యంత్రమైనను, ఇదే చిక్కు ప్రాణముల మీదికి తెచ్చిన ఉదాహరణ మొకటి కలదు. కెనడా ప్రభుత్వ సంస్థ యొకటి కాన్సరు చికిత్సకై థెరాక్-25 అను కిరణయంత్రమును నిర్మించెను. 1985 జూను మొదలు 1987 జనవరి లోపల అమెరికా, కెనడా ఆసుపత్రులలో ఆ యంత్రమువలన 6 ప్రమాదములు జరిగెను. రోగులకు ఉండవలసినదానికి ఎన్నో రెట్లు కిరణములు తగిలినవి. టెక్సాసు రాష్ట్రమున టైలర్ పట్టణపు ఆసుపత్రిలో 1986 మార్చిలో ఒకరికి, ఏప్రిల్‌లో మరియొకరికి ఇట్లు జరుగగా, ఆ ఇరువురును ప్రాణములు కోల్పోయిరి.

అచట జరిగిన దేమనగా, యంత్రములో ఒక పని ఆపరేటరు మీటలను వినుచుండెను. మరియొక పని కిరణములను మళ్ళించు అయస్కాంతములను సిద్ధపరచుచుండెను. ఈ రెండవ పనికి సుమారు 8 సెకనులు పట్టును. ఆపరేటరు ఎలక్ట్రాన్ చికిత్సకు బదులు పొరపాటున ఎక్స్-రే అని కొట్టి, వెంటనే గమనించి, చకచక వెనుకకు పోయి దిద్దెను. చేయితిరిగినది గనుక దిద్దుబాటు ఆ 8 సెకనులలోనే ముగిసినది. తెరమీద సరిగానే కనబడెను. కాని దిద్దుబాటు జరిగినదేమో చూడవలసిన గుర్తు మొదటి అయస్కాంతముతోనే చెరపబడెను. ఆ తరువాతి మార్పును అయస్కాంతముల పని గమనింపలేదు. యంత్రములో ఒక భాగము క్రొత్త మాట వినెను, మరియొక భాగము పాత మాటతోనే నిలిచెను. తెరమీద ‘దోషము 54’ అని మాత్రము వచ్చెను. అట్టి సంఖ్యలు ఆ యంత్రమున తరచు వచ్చుచుండుటచేత ఆపరేటరు ‘సాగింపుము’ అను మీట నొక్కెను. పిమ్మట ఆ ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్తయు, ఆపరేటరును పట్టుదలతో కూర్చుండి, మీటలు ఎంత వేగముగా కొట్టిన ఈ దోషము వచ్చునో కనిపెట్టిరి. నెమ్మదిగా కొట్టువారికి అది యెన్నడును కనబడదు. అంతకు పూర్వపు నమూనాలో, ప్రోగ్రాముతో సంబంధము లేకుండ ప్రమాదమును ఆపు యేర్పాట్లు యంత్రమునందే యుండెడివి. క్రొత్తదానిలో వాటిని తీసివేసి ప్రోగ్రామునే నమ్ముకొనిరి. 1993లో నాన్సీ లెవసన్, క్లార్క్ టర్నర్ అనువారు ఈ ప్రమాదములపై ప్రకటించిన పరిశోధన ప్రోగ్రాములు వ్రాయు ప్రతివారును చదువదగినది.

బీరువాకు తాళము వేసి, ఒకరు వాడుచుండగా మరియొకరు ముట్టకుండ చేయవచ్చును గదా యందురు. తాళములు కావలసినవే. కాని రెండు తాళములున్నచోట, ఒకడు మొదటిది పట్టుకొని రెండవదానికై, మరియొకడు రెండవది పట్టుకొని మొదటిదానికై ఎదురుచూచుట సంభవించును. ఇరుకు గట్టుమీద ఎదురెదురుగా వచ్చిన రెండు బండ్లవలె, ఎవరును వెనుకకు పోరు, ఎవరును ముందుకు రారు. హాలండు శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1965లోనే దీనిని మృత్యుపరిష్వంగమని వర్ణించెను. ధృతరాష్ట్ర కౌగిలి మనకు తెలిసినదే. అందు ఒకరికే హాని, ఇందు ఇద్దరికిని.

అన్ని థ్రెడ్లును తెరను ముట్టుటకు వీలుగా విండోలను నిర్మింపవలెనని అనేకులు యత్నించిరి. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థకు చెందిన గ్రాహమ్ హామిల్టన్ 2004లో ఆ యత్నములను విమర్శించుచు, అది ఫలింపని కలయేమోయని వ్రాసెను. ఆయన చెప్పిన కారణము సమంజసముగానున్నది. మీట నొక్కిన వార్త యంత్రము అడుగునుండి పైకి వచ్చును. తెరను మార్చు ఆజ్ఞ పైనుండి అడుగునకు పోవును. రెండును దారిపొడుగున తాళములు వేసికొనుచు పోయినచో ఎక్కడనో ఒకచోట గట్టుమీది బండ్లు కావలసినదే. కావున నేడు వాడుకలోనున్న పద్ధతులలో అధికభాగము ఒకటే నియమమును పాటించుచున్నవి: విండోను సృష్టించిన థ్రెడ్డు తప్ప మరియొకటి దానిని ముట్టరాదు. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ 2005 నాటి కూర్పునుండి, ప్రోగ్రామును పరీక్షించు సమయమున ఈ నియమము తప్పినచో వెంటనే ఎత్తిచూపుచున్నది.

మరి వెనుక థ్రెడ్డు తాను తెచ్చిన ఫలితమును ఎట్లు చెప్పవలెను? స్టూడియోలో వలెనే, తెరవైపు పెట్టెలో ఒక చీటి వేయవలెను. ఇచట రెండు రీతులు కలవు. చీటి వేసి తన దారిన తాను పోవుట ఒకటి. దీనిని పోస్టు చేయుట అందురు. చీటి అందించి, దానిని చదివి పని ముగించువరకు అచటనే నిలిచియుండుట రెండవది. దీనిని సెండ్ చేయుట అందురు. రెండవది మర్యాదగా తోచును గాని అందులో గోతి యున్నది. తెరవైపు థ్రెడ్డు ‘వెనుకవాని పని ముగియువరకు కదలను’ అని నిలిచియుండగా, వెనుకవాడు ‘నా చీటి చదువువరకు ముగింపను’ అని నిలిచినచో, ఇరువురును ఒకరికొకరు దాసులై ప్రళయమువరకు ఉందురు. వేసి పోవుటయే మేలని మా నిశ్చితాభిప్రాయము. నిలిచి తీరవలసిన సందర్భములు కలవు గాని అవి కొన్నియే.

చీటి వేయుటలోను మితము పాటింపవలెను. లక్ష దస్త్రములను పరిశీలించు థ్రెడ్డు ఒక్కొక్కదానికి ఒక్కొక్క చీటి వేసినచో పెట్టె నిండిపోవును. అప్పుడు తెరను గీయుమను చీటికి వంతే రాదు. స్తంభనము పోగొట్టుటకు పెట్టిన పనివాడే స్తంభనము తెచ్చును. సెకనుకు పది చీట్లు మనుష్యుని కంటికి చాలును. వద్దనుకొన్న పనిని ఆపుటయు ఒక విద్య. వెనుక థ్రెడ్డును మెడబట్టి చంపు ఆజ్ఞ విండోస్‌లో కలదు గాని, అది వేసిన తాళములు వేసినట్లే యుండిపోవును; తాళపుచెవి చచ్చినవానితో పోవును. ‘ఆపుము’ అను గుర్తునొకటి నిలిపి, ఆ థ్రెడ్డే అప్పుడప్పుడు దానిని చూచి, తన సామాను సర్దుకొని, తలుపులు తీసి పోవునట్లు చేయుట ఉత్తమము. పని నడచుచుండగా విండో మూసినచో వెనుకవాడు తెచ్చిన చీటికి ఇంటిలో ఎవరును ఉండరు. లేనివారి యింటి తలుపు తట్టి కుప్పకూలు ప్రోగ్రాములు ఇప్పటికిని తరచు కనబడుచున్నవి.

వ్రాయువారి శ్రమను తగ్గించుటకు భాషలు కొంత తోడ్పడుచున్నవి. 2012లో సి-షార్ప్ భాష యొక్క ఐదవ కూర్పున వచ్చిన యేర్పాటువలన, ‘ఈ జవాబు వచ్చువరకు నన్ను ప్రక్కనుంచి, నీవు పెట్టె వద్దకు పొమ్ము, వచ్చిన పిమ్మట ఇచటినుండియే సాగింతము’ అని ఒక్క మాటతో చెప్పుటకు వీలాయెను. ఇతర భాషలును ఇట్టి పద్ధతులను చేకొన్నవి. ఆండ్రాయిడ్ 2011 నుండి తెరవైపు థ్రెడ్డు నెట్టు పనికి పోవుటనే నిషేధించెను. వారి క్రొత్త కూర్పులకై వ్రాసిన ప్రోగ్రాము అట్లు పోయినచో అచటనే ఆపబడును. ఇది కొంత కఠినముగా తోచినను మేము హర్షింతుము.

ఇక గృహస్థులకు రెండు మాటలు. తెర చలింపనపుడు మరల నొక్కకుడు. మీరు నొక్కినది పెట్టెలో ఉన్నది. సొమ్ము చెల్లించు సందర్భమైనచో విండో మూసి మరల ప్రయత్నించుటకు ముందు బ్యాంకునుండి ఫోనుకు వచ్చిన సమాచారమును గాని ఖాతాను గాని చూచుకొనుడు. విండో మూసినంతమాత్రమున బ్యాంకుకు పోయిన ఆజ్ఞ వెనుకకు రాదు. వ్రాసికొనుచున్న దస్త్రమైనచో ఒకటి రెండు నిమిషములు ఓర్చుడు, పని ముగించి వినువాడు తిరిగివచ్చుటయు కలదు. బలవంతముగా మూసినచో భద్రపరుపని భాగము పోవును.

మీ యింట ప్రోగ్రాములు వ్రాయు కుమారుడో కుమార్తెయో ఉన్నచో, వారు వ్రాసినదానిని ఒకమారు మీరే కూర్చుండి పరీక్షింపుడు. ముఖ్యమైన మీటను వెంట వెంట నాలుగుమార్లు నొక్కుడు. పని నడుచుచుండగా నెట్టు తీగ ఊడదీయుడు. మరల పెట్టి, పని సగములో ఉండగా విండోను మూయుడు. వేగముగా కొట్టి, వేగముగా దిద్దుడు. మొదటిమారు ఏమియు కానిచో ఇంకొక పదిమార్లు చేయుడు. పిల్లలు విసుగుకొందురు, అయినను మానకుడు.